పంటి గాట్లున్న టేకు పుల్ల

మొన్న పొద్దున చాయ్ తాగుతుంటే కాలుతున్న రబ్బరు వాసన వచ్చింది. కప్పు చేతిలో పట్టుకునే గేటు దాకా వెళ్లాను. మా గల్లీలో పొద్దున్నే తగిలే వాసనలన్నీ నాకు ఎరుకే. మార్కెట్ యార్డుకు పోయే పసుపు బస్తాల వాసన, వెనక సందులో బీడీ ఆకు తడిపిన వాసన, ఎవరింట్లోనో మాడిన పోపు వాసన. ఇది వాటిలో ఏదీ కాదు. పక్కింటి శ్రావణి కారు స్టార్ట్ చేసి, మొహం చిట్లించుకుని స్టీరింగు ముందు కూర్చుంది. బ్యాంకులో పని చేసే పిల్ల, పది గంటలకల్లా బోధన్‌లో ఉండాలి. కారు అరుస్తోందా అని అడిగాను. చెవులుండీ అడగాల్సి రావడం నామోషీయే గానీ, రెండేళ్లుగా నా చెవులు పెన్షన్ తీసుకున్నాయి. మా అబ్బాయి కొనిపెట్టిన మిషను పెట్టుకుంటే గల్లీ గల్లీ అంతా ఒకేసారి నెత్తిన పడుతుంది కాబట్టి అది ఎక్కువగా డబ్బాలోనే ఉంటుంది.

"నాలుగు రోజులాయె తాతా, ఒకటే అరుసుడు" అంది శ్రావణి, గట్టిగా.

"ఎట్ల అరుస్తుంది? నోటితో చేసి చూపియ్యి."

ఆ పిల్ల నన్ను ఒకసారి, గల్లీ రెండు చివరలను ఒకసారి చూసింది. ఈ ముసలాయనకు ఏమైందనుకుని ఉంటుంది. నాకేమీ కాలేదు. ఆ మాట అసలు నాది కాదు, గంగారాం మిస్త్రీది. యాభై ఏళ్లకు పైగా నా నాలుక మీద కూర్చుని, వాసన తగిలినప్పుడల్లా బయటికి వస్తుంది.

గంగారాం మిస్త్రీని చూడనివాళ్లకు ఆయనను ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలో నాకు ఎప్పుడూ తికమకే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కన ఆయనది రేకుల షెడ్డు. సన్నటి మనిషి, ఖాకీ నిక్కరు, దవడలో ఎప్పుడూ పొగాకు. షెడ్డు ముందు ఆయన భార్య నర్సవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. ఎంత పెద్ద లారీ వచ్చినా ఆయన ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. డ్రైవరును తన ఎదురుగా బోర్లించిన డ్రమ్ము మీద కూర్చోబెట్టి, బండి ఎలా చప్పుడు చేస్తోందో నోటితో చేసి చూపించమనేవాడు. గుబురు మీసాల డ్రైవర్లు, ఎవరి మాటా లెక్కచేయని మొండి మనుషులు, ఆయన ముందు కూర్చుని మేకలాగా, ఈల కూత లాగా, తుమ్ము రాబోయి ఆగినట్టుగా చప్పుళ్లు చేసేవాళ్లు. చెరుకు బండ్ల వాళ్లు ఎడ్లను నిలిపి మరీ చూసిపోయేవాళ్లు. అంతా అయ్యాక మిస్త్రీ జానెడున్నర పొడవుండే ఒక టేకు పుల్ల తీసి, ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొసను పళ్ల మధ్య కరిచిపట్టి కళ్లు మూసుకునేవాడు. అదొక స్టైలని నేననుకునేవాణ్ని.

నేను ఆయన చేతికి చిక్కింది అరవైల చివర, ఒక చెరుకు సీజనులో. మాది నవీపేట దగ్గర పల్లె. నాలుగు ఇళ్ల రైతులు కలిసి, ఎడ్లబండ్ల మీద బోధన్ దాకా చెరుకు తోలే బాధ తప్పుతుందని, యుద్ధకాలం నాటి పాత పెట్రోలు లారీ ఒకటి తెచ్చారు. నిజామాబాద్‌లో ఒక రైసుమిల్లు దగ్గర నేను డ్రైవింగు నేర్చుకుని ఉన్నాను కాబట్టి తాళంచెవి నా చేతికి వచ్చింది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. రోడ్డు పొడవునా చెరుకు బండ్లను హారను కొట్టుకుంటూ దాటిపోతుంటే మంత్రిగారికి కూడా అంత దర్జా ఉండదనిపించేది. మా బాపుకు మాత్రం లారీ మీద గురి కుదరలేదు. "ఎద్దు అలిసిపోతె మొకం సూస్తె తెలుస్తది. దీని మొకం ఏడున్నదిరా?" అనేవాడు. నేను నవ్వేవాణ్ని.

చెరుకు రైతుకు ఫ్యాక్టరీ ఇచ్చే చీటీ ఒకటుండేది. కటింగ్ ఆర్డర్ అనేవాళ్లం. ఫలానా రోజు నీ చెరుకు తెమ్మని అందులో ఉంటుంది. ఆ రోజు దాటితే మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, ఈలోగా నరికిన చెరుకు పూటపూటకూ ఎండిపోతుంది. ఆ యేడు మా లారీ మీద అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది అంబవ్వ. భర్త పోయిన మనిషి, రెండెకరాల చెరుకు. లారీ ఉందిగదా అన్న ధైర్యంతో ఎడ్లను తమ్ముడి ఇంటికి తోలేసింది. "రాజేశం ఉన్నడు, నాకేం రంది" అని ఊరంతా చెప్పింది. రాజేశం అంటే నేనే.

లారీ అరవడం మొదలుపెట్టి అయిదారు రోజులైనా నేను గుర్తుపట్టలేదు. అదేం చెవులని మీరు అడగొచ్చు. సీజనులో బోధన్ రోడ్డు మీద ఒకసారి నడిచి ఉంటే అడగరు. వందల బండ్లు, బండికి రెండు చక్రాలు, ప్రతి ఇరుసుకూ ఒక ఏడుపు. ఆ కీచుల మధ్య నా లారీ కీచు కూడా బండ్లదేననుకున్నాను. ఒకనాడు మా ఇంటి వాకిట్లో, చుట్టుపక్కల ఒక్క బండి కూడా లేనప్పుడు అదే కీచు వినిపించింది. బానెట్ ఎత్తి చూస్తే ముందుభాగంలో బెల్టు తిరిగేచోట అరుస్తోంది. రైతు ఇంట పుట్టినవాడికి తిరిగే వస్తువు అరిస్తే ఏం చేయాలో ఒకరు చెప్పాలా? అంబవ్వ ఇంట్లో ఎడ్లు లేకపోయినా కందెన గొట్టం చూరుకు వేలాడుతూనే ఉంది. ఆముదంలో గడ్డి మసి కలిపి ఇరుసులకు పూసేది. అడిగి తెచ్చుకుని, వేలితో తీసి, బెల్టు చుట్టూ నున్నగా పూశాను. అరుపు ఆగిపోయింది. నేను అంబవ్వ దగ్గరికి వెళ్లి గొట్టం తిరిగి ఇస్తూ, మిస్త్రీలతో మనకేం పని అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మూడో రోజు అంబవ్వ ఆర్డరు. తెల్లవారేసరికి చీటీలో రాసినంత చెరుకు నరికి, కట్టలు కట్టి లారీకెక్కించాం. తూకం తన కళ్లతో చూస్తానని ఆమె కూడా క్యాబిన్‌లో నా పక్కన కూర్చుంది. లారీ ఎక్కడం ఆమెకు అదే మొదలు. ఊరు దాటగానే అరుపు రెండింతలై తిరిగొచ్చింది. బ్యాటరీకి కరెంటు అందుతోందో లేదో చూపే ముల్లు ఎడమవైపు ఒరిగి అలాగే పడుకుంది. ఇంజను వేడెక్కింది. బోధన్ ఇంకా మైలు దూరం ఉండగా నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే మూలిగింది. నేను హారను కొట్టి దాటొచ్చిన బండ్లన్నీ ఒకటొకటిగా మమ్మల్ని చేరుకున్నాయి. వాళ్లేం తిట్టలేదు. అంతకంటే దారుణం చేశారు, జాలిపడ్డారు. నాలుగు జతల ఎడ్లను విప్పి, మోకులేసి, లారీని లాక్కుంటూ గంగారాం షెడ్డు దాకా తెచ్చారు. "హారన్ కొట్టు డ్రైవర్ సాబ్, ఎడ్లకు హుషారైతది" అని ఒకాయన దారిపొడవునా నన్ను బతిమాలాడు. నేను స్టీరింగు మీద తల వంచుకుని కూర్చున్నాను. పక్కన అంబవ్వ ఆర్డరు చీటీని కొంగుముడి లోంచి తీసి చూడటం, మళ్లీ ముడేయడం, మళ్లీ తీయడం. సాయంత్రం గేటు దగ్గర గుమాస్తా లేచేలోపు మేం అక్కడ లేకపోతే ఆ చీటీ ఉత్త కాగితం.

మిస్త్రీ ముందు షెడ్డులో ఛార్జింగులో ఉన్న తన బ్యాటరీ తెచ్చి పెట్టాడు. ఇంజను లేచింది, అరుపూ లేచింది. ఆయన డ్రమ్ము బోర్లించి నన్ను కూర్చోబెట్టాడు.

"సేసి సూపియ్యి."

నాకు ఒళ్లు మండింది. అరుపు ఎదురుగా ఉంటే నా నోటితో ఎందుకు? అయినా పని మనది. "కీ..." అన్నాను.

"గంతేనా?"

"గంతే."

ఆయన అంబవ్వ వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు అవ్వా. నువ్వు సుత లోపట కూసున్నవ్ గద."

"ఆమెకేం తెలుసు మిస్త్రీ? లారీ ఎక్కుడే ఇయ్యాల మొదలు" అన్నాను వెనకనుంచి. నా మాట విననట్టే, ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు. ఎంత పొగరు అనుకున్నాను.

అంబవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోతే ఆయన వద్దని చేయి ఊపాడు. ఆమె కొంగు తీసేసి, కాసేపు ఆలోచించి చెప్పింది. "రెండు సప్పుళ్లున్నయ్ కొడుకా. పైన ఒర్రుతున్నది వీడు సేసిందే. దాని కింద ఇంకోటున్నది. ఇసుర్రాయిల రాయి వడ్డట్టు, గర్ర్ గర్ర్ అని. పైది జరసేపు ఆగినా కిందిది ఆగుతలేదు. ఊర్ల ఎక్కినప్పటిసంది నా కాళ్లకు తెలుస్తనే ఉన్నది."

మిస్త్రీ మొహం విచ్చుకుంది. ఇంజను ఆపించి, బెల్టు ఊడదీసి, ఒక్క నిమిషం మళ్లీ నడిపించాడు. ఇంజను మోత తప్ప మరేం లేదు. రెండు చప్పుళ్లూ లేవని అంబవ్వ తల అడ్డంగా ఊపింది. అంటే తప్పు బెల్టు తిప్పేవాటిలోనే ఉందని వేలు చూపించి చెప్పాడు. అవి రెండే. ఒకటి రేడియేటరు నీళ్లు తోడే పంపు, రెండోది కరెంటు పుట్టించే డైనమో. ఇప్పటి బండ్లలో దాని స్థానంలో ఆల్టర్నేటర్ ఉంటుంది. బెల్టు మళ్లీ ఎక్కించి, టేకు పుల్ల కరిచిపట్టి ముందు పంపుకు ఆనించాడు, తల అడ్డంగా ఊపాడు. డైనమోకు ఆనించగానే నిలువుగా ఊపాడు. ఇంజను ఆపి డైనమో చక్రాన్ని పట్టుకుని కదిపితే అది ఊగుడుపన్నులా కదిలింది. లోపలి బేరింగు అరిగి పిండయింది. అదే అంబవ్వ విన్న విసుర్రాయి.

తరువాత బెల్టు చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ల మధ్య రాసి, వాసన చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"ఎవలు పూసిండ్రు కందెన?"

నేను నోరు విప్పేలోగా అంబవ్వే చెప్పింది. "మావోడే పూసిండు. కందెన నాదే."

నర్సవ్వ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. మిస్త్రీ నవ్వుతూనే నాకు విడమరిచాడు. ఇరుసు జారితేనే నడుస్తుంది, బెల్టు పట్టుకుంటేనే తిప్పుతుంది. కందెన పూస్తే అది జారి, అరిగిన డైనమోను తిప్పడం మానేసింది. పంపునూ తిప్పలేదు కాబట్టి ఇంజను వేడెక్కింది, కరెంటు లేదు కాబట్టి బ్యాటరీ ఎండిపోయింది. "డైనమో ఏడుస్తుంటె నువ్వు దాని నోరు మూసినవ్, గంతే" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

షెడ్డు అటక మీద పాత చీరలో చుట్టిన డైనమో ఒకటుంది, ఆయనే బాగుచేసి పెట్టుకున్నది. బోల్టులు విప్పడం, తీగలు గుర్తుపెట్టుకుని ఊడదీయడం, బెల్టు తిరిగే చక్రాలన్నీ కిరసనాయిలుతో కడగడం, అన్నీ నా చేతే చేయించాడు. కొత్త బెల్టు వేశాక దాని మధ్యలో బొటనవేలితో నొక్కించి, ఇంతే కుంగాలి, ఇంతకు మించి కాదని చూపించాడు. ఎండ అప్పటికే వాలుతోంది. నేను ఉరికి సెల్ఫ్ కొట్టబోతే చేయి పట్టుకుని ఆపాడు. బ్యాటరీ నుంచి ఒక తీగ తెచ్చి, డైనమో మీదున్న చిన్న మొనకు అంటించీ అంటించకుండా తాకించి తీశాడు. చిటుక్కుమని ఒక నిప్పురవ్వ.

"కొత్త ఇంటికి వచ్చింది. కరెంటు ఎటు పంపాల్నో దానికి ఎవలో ఒకలు సెప్పాలె గద" అన్నాడు.

ఇంజను లేచింది. అరుపు లేదు. ముల్లు లేచి కుడివైపుకు ఒరిగింది. అంబవ్వకు ఆ ముల్లు ఏమిటో తెలియదు గానీ నా మొహం చూసి చీటీని కొంగున గట్టిగా ముడేసుకుంది. బ్యాటరీ రేపు తెచ్చిస్తానని మిస్త్రీకి వెనకనుంచి రెండుసార్లు అరిచి చెప్పాను. ఆయన తిరిగి చూడలేదు.

"ఎందుకు మొత్తుకుంటవ్? ఆయనకు ఇనరాదు" అంది అంబవ్వ, రోడ్డెక్కాక.

"ఎవలకు?"

"మిస్త్రీకి. నువ్వు సూడలేదా? మనిషి నోరు సూసి మాట్లాడుతడు. నా కొంగు తీసెయ్యమన్నది గందుకే."

నా కాలు బ్రేకు మీదికి పోయింది. లారీ చప్పుడు వినమని ఒక చెవిటి మనిషికి ఇచ్చానా? పొద్దుటినుంచి ఆయన ఎదురుగానే ఉన్నాను, రెండు చెవులు, రెండు కళ్లు వేసుకుని. అంబవ్వ నా అవస్థ చూసి, ముందు గేటు సంగతి చూడమంది. గుమాస్తా పుస్తకం మూస్తుండగా మేం గేటు చేరాం. ఆయన విసుక్కున్నాడు గానీ చీటీ మీద తారీఖు చూసి పుస్తకం తెరిచాడు. లారీ కాటా ఎక్కింది. అంబవ్వ పక్కన నిలబడి, ఆ ముల్లునూ పరీక్షగా చూసింది. ఇంటికి వచ్చేదారిలో చీకటి పడితే హెడ్‌లైట్లు వేశాను. అవి అంత తెల్లగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు బ్యాటరీ తిరిగిస్తూ, సందేహిస్తూనే, ఆయన ఎదుట నిలబడి అడిగాను. నర్సవ్వే ముందు జవాబిచ్చింది. "ఒక్క దినంల తెలుసుకున్నవా? ఏడాది పట్టినోళ్లు సుత ఉన్నరు."

"నాకు తెల్వలె. అంబవ్వ సెప్పింది" అన్నాను.

మిస్త్రీ ఏమీ దాచుకోలేదు. చిన్నప్పుడు చెవుల్లో చీము కారి వినికిడి పోయిందట. పుల్ల పళ్లకు కరిస్తే మాత్రం చప్పుడు ఎముకల్లోంచి తలలోకి వస్తుందట. నా చేత కూడా కరిపించాడు. ఇంజను పుర్రె లోపల తిరుగుతున్నట్టు అనిపించి ఉలిక్కిపడ్డాను. "ఇనేటోళ్లకు తొందరెక్కువ. సగం ఇని సాలు అంటరు. నాకు సగం సుత రాదు. గందుకే అందర్నీ అడుగుత" అన్నాడు. డ్రైవరు కంటే పక్కన కూర్చున్నవాళ్లను, వాళ్లకంటే నోరు విప్పనివాళ్లను అడగడం ఆయన పద్ధతి. డ్రైవరు తనకు తెలిసిందే వింటాడట.

ఆ తరువాత రెండు వానాకాలాలు, లారీకి పని లేని రోజుల్లో, ఆ షెడ్డులోనే గడిపాను. ఒకసారి మా బాపు కూడా వచ్చి, డ్రమ్ము మీద కూర్చుని, తన పాత అనుమానాన్ని మిస్త్రీ ముందు పెట్టాడు. మొకం లేని దాన్ని ఎట్ల నమ్ముడు అని. మిస్త్రీ పొగాకు ఉమ్మేసి వచ్చి మరీ చెప్పాడు. "ఉన్నది పటేలా. దాంట్ల ఎక్కినోళ్ల మొకాలే దాని మొకం." బాపు మరుసటి వారం మొదటిసారి లారీ ఎక్కి నిజామాబాద్ దాకా వచ్చాడు. దారంతా నేను రోడ్డు తక్కువా, ఆయన మొహం ఎక్కువా చూశాను.

డెబ్బైల చివరికి నేను నిజామాబాద్‌లో సొంత షెడ్డు వేసుకున్నాను. ఒకరోజు గంగారాం మిస్త్రీ బస్సు దిగి వచ్చాడు. నవ్వితే నోరంతా ఖాళీ. పొగాకు ఆ పళ్లన్నిటినీ తినేసింది. సంచిలోంచి టేకు పుల్ల తీసి నా చేతిలో పెట్టాడు. సిరికొండ అడవిలో ఆయనే చెక్కుకున్నది, ఒక కొసన ఇరవై ఏళ్ల పంటి గాట్లు. "పండ్లు పోయినయ్, ఇగ చెవులు సుత పోయినట్టే. నువ్వు ఉంచుకో" అన్నాడు, చెప్పుల జత ఇచ్చినంత మామూలుగా. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా నోరు చూస్తున్నాడని తెలుసు కాబట్టి, మొహం పక్కకు తిప్పుకుని, ఆయన చేయి పట్టుకుని షెడ్డంతా తిప్పి చూపించాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. షెడ్డు నడిపిన ఇన్నేళ్లలో ఆ పుల్లను ఇంజన్లకు ఆనించినప్పుడల్లా చెవికే పెట్టుకున్నాను. ఆ గాట్ల మీద నా పళ్లు పెట్టడానికి మనసు ఒప్పేది కాదు. అది ఆయన చోటు.

మొన్న శ్రావణి, గల్లీలో ఎవరూ లేరని తేల్చుకుని, మొహమంతా ముడుచుకుని చేసి చూపించింది. పెదవులు సాగాయి. కీచు. "దాని కింద ఇంకేమైనా ఉన్నదా బిడ్డా? కాళ్లకేమన్న తెలుస్తుందా?" అని అడిగాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, ఆశ్చర్యంగా నావైపు చూసి, పెడలు దగ్గర ఏదో గరగరమంటుందని కాలితో నేల రాసి చూపించింది. ఇంట్లోకి వెళ్లి పుల్ల తెచ్చాను. బానెట్ ఎత్తించి, ఆల్టర్నేటరుకు ఆనించి, అలవాటు కొద్దీ రెండో కొస చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. చెవిలో ఉత్త గాలి.

అప్పుడు, ఇన్నేళ్లకు, దాన్ని నోట్లో పెట్టుకున్నాను. నా ముందుపళ్లు ఆ గాట్లలో సరిగ్గా కూర్చున్నాయి. కళ్లు మూసుకోగానే వచ్చింది, తల నడిమధ్యకు, స్పష్టంగా, విసుర్రాయిలో రాయి పడ్డట్టు. నేను తల నిలువుగా ఊపాను.